దిగే పందెం

మొన్న ఆవడిలో మా అన్న మనవరాలు నిత్య వాళ్ళింటికి వెళితే ముందుగదిలో కూర్చోవడానికి చోటు లేదు. సోఫా నిండా అట్ట గొట్టాలు. కొన్నిటికి ముక్కు మీద టోపీలు, కొన్నిటికి తోక దగ్గర పలచని చెక్క రెక్కలు. ఒకదాన్ని పక్కకు జరపబోయానో లేదో, వంటింట్లోంచి ఆ పిల్ల "అవ్వా, చూసి, పదిలం! విరిగిపోతుంది!" అంటూ పరుగెత్తుకొచ్చింది. ఇంజనీరింగు చదువుతోంది. ఆదివారమైతే తనలాంటి వాళ్ళు కొందరితో కలిసి ఊరు దాటి బీడు భూముల్లోకి పోయి వీటిని ఆకాశంలోకి వదులుతుందట. దానికొక సంఘం, సంఘానికి పందేలు, పందేలకు నిబంధనలు. "దీపావళికి కాల్చే వాణాలే గదమ్మా ఇవి" అన్నాను. చంటిపిల్లను చూసినట్టు చూసింది నన్ను. మా పక్క తారాజువ్వను వాణం అంటారు. అరవం మాటే అయినా మా నోళ్ళలో పుట్టినప్పటినుంచి అదే ఉంది.

ఆ రోజు నిత్య మొహం ముడుచుకునే ఉంది. కాఫీ ఇచ్చింది కానీ చక్కెర వెయ్యడం మరిచిపోయింది. అడగ్గా అడగ్గా చెప్పింది. వాళ్ళ సంఘంలో పందేలన్నీ ఎత్తు మీదేనట. ఎవరిది ఎంత పైకి పోయింది, అంతే. తను ఒక కొత్త పందెం పెట్టాలని అడిగింది. వదిలిన చోటికే ఎవరి రాకెట్టు తిరిగొచ్చి వాలుతుందో, వాళ్ళే గెలిచినట్టు. "వాళ్ళు ఒత్తుకోలేదు అవ్వా, కుదరదనేసినారు. కొత్త కేటగిరీ అంటే ఊరికే కాదంట. గాలి ఒకరికి ఒక రకంగా ఉంటాదంట. దాన్ని ఎట్ల కొలుస్తావు అని అందరి ముందర అడిగినారు. నాకు జవాబు రాలేదు" అంది. ఆ చివరి మాటకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి పిల్లకు.

నేను చక్కెర లేని కాఫీ కింద పెట్టేశాను. ఎట్ల కొలుస్తావు? అవే మాటలు. మా కండిగలో, ద్రౌపదమ్మ గుడి ముందర, పావడా కట్టుకుని నిలబడ్డ నన్ను చూసి ఊరి పెద్ద అయిన పెద్దనాయుడు అడిగిన ప్రశ్న అదే. అరవై ఏళ్ళు పైబడి తిరిగి తిరిగి ఆ ప్రశ్న ఆవడిలో ఒక సోఫా మీదికి ఎలా వచ్చి పడిందో నాకర్థం కాలేదు. ఇంటికొచ్చి ట్రంకుపెట్టె అడుగున వెతికాను. ఉంది. తెల్లటి నేత మీద అడ్డంగా నాలుగు రంగు చారలున్న గుడ్డ. ఒక కొస ఎలుక కొరికింది కానీ చారలు నాలుగూ క్షేమం.

మా కండిగ తిరుత్తణి కొండ కనిపించే దూరంలో ఉండేది. అప్పుడు మా తాలూకా ఇంకా చిత్తూరు జిల్లాలోనే ఉంది, బళ్ళో పాఠాలు తెలుగులో, బజార్లో బేరాలు అరవంలో. ఊళ్ళో రెండే వీధులు. భూములున్న వాళ్ళది పెద్ద వీధి, మాది మగ్గాల వీధి. మా వీధి వాసన నాకిప్పటికీ ముక్కుకు తగులుతుంది. పొద్దున్నే పడుగులు వీధి పొడవునా సాగదీసి గంజి పట్టించేవాళ్ళు. పులిసిన గంజి, తడి నూలు, పడుగు దువ్వే కుంచెలకు పూసే నూనె, ఈ మూడూ కలిసిన వాసన. కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. నాకు మాత్రం ఆ వాసన రాకపోతే తెల్లవారినట్టే ఉండేది కాదు. మా ఇళ్ళల్లో గంజి పెట్టని గుడ్డ అంటూ ఉండేది కాదు. అమ్మేవే కాదు, కట్టుకునేవీ, తుడుచుకునేవీ, ఆఖరికి మా నాయన తలగుడ్డ కూడా నిలబెడితే నిలబడేది. గంజి లేని గుడ్డతో గడప దాటితే అమ్మకు తలకొట్టేసినట్టుండేది.

వీధికి చివరి ఇల్లు పాపమ్మవ్వది. బంధువు కాదు, వీధికంతా అవ్వ. మొగుడు పోయాక ఒక్కతే గుంట మగ్గంలో కూర్చుని నేసుకుని బతికేది. ఆమె మగ్గం పక్కనున్న కిటికీ అవతల ఊరి పొలాలు. ఆమె చెయ్యి ఎలాంటిదంటే, జ్వరమొచ్చినా, పండగొచ్చినా, పక్కింట్లో పోట్లాట జరుగుతున్నా మగ్గం చప్పుడు ఒక్క తీరున సాగేది. మా వీధిలో ఎవరింట్లోనూ గడియారం లేదు. ఆ చప్పుడే మాకు గడియారం. "పాపమ్మ బెత్తెడు నేసే లోపల నీళ్ళు తెచ్చెయ్ మే" అనేది అమ్మ. అన్నం వార్చడానికీ, పాలు పొంగడానికీ, నేను జడ వేసుకోవడానికీ అన్నిటికీ ఆమె నేసే గుడ్డతోనే లెక్క. నాకు గంటలు చూడడం బళ్ళో నేర్పారు కానీ, కాలం అంటే కొంచెం కొంచెంగా పెరిగే గుడ్డ అనే నా మనసులో ఉండేది.

మా అమ్మ తమ్ముడు చెంగల్రాయ మామ మా ఇంట్లోనే ఉండి నేసేవాడు. పెళ్ళి కాలేదు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. ఏడాదికి ఒక్కసారి, ఎండాకాలంలో ద్రౌపదమ్మ తిరునాళ్ళకు వాణాలు కట్టేవాడు. మధ్యాహ్నాలు గుళ్ళో భారతం చెప్పేవాళ్ళు, పొద్దు వాలుతుండగా కోసిన చేలల్లో వాణాల పందెం. రెండు వీధుల వాళ్ళూ, చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళూ వచ్చేవాళ్ళు. ఎవరి వాణం వెదురు బద్దకు వాళ్ళ గుర్తుగా ఒక రంగు నూలు చుట్టేవాళ్ళు, మామది ఎరుపు. "ఏడాది పొడుగునా గుంటలో కూర్చోని కిందికి చూసే బతుకు మే మనది. ఒక దినమన్నా మెడ ఎత్తి పైకి చూడొద్దా?" అనేవాడు నాతో. ఎవరిది ఎక్కువ ఎత్తు పోయిందో తేల్చే పద్ధతి మాత్రం గట్టిగా అరవడమే. ఎవరి వైపు గొంతులు ఎక్కువుంటే వాళ్ళది ఎక్కువ ఎత్తు.

ఒక ఏడాది తిరునాళ్ళ రోజున మబ్బు పట్టింది. పాపమ్మవ్వ పట్టించిన గంజి ఆరలేదు. పడుగును తన ఇంటి ముందర తాటాకు పందిరి కింద అలాగే సాగదీసి ఉంచేసింది. మామ వాణం బ్రహ్మాండంగా లేచింది. ఊరంతా నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తోంది, అది ఎక్కడ దిగిందో చూసినవాళ్ళు లేరు. పొగ వాసన వచ్చాకే వెనక్కి తిరిగాం. నిప్పు ఆరని గొట్టం పోయి పందిరి మీద పడింది. పందిరి, దాని కింద పడుగు మొత్తం కాలిపోయాయి. గాలి ఇటు తిరగలేదు కాబట్టి ఇళ్ళు మిగిలాయి. బూడిదలో దొరికిన బద్దకు ఎర్ర నూలు చుట్టి ఉంది. మామ ఆ బద్దను పట్టుకుని నిలబడ్డాడు. పాపమ్మవ్వ ఏడవలేదు, తిట్టలేదు. లోపలికి పోయి తలుపేసుకుంది. మరునాడు మా ఇంట్లో ఉన్న మంచి నూలంతా తీసుకెళ్ళి ఇస్తే గడపలో పెట్టమని వేలితో చూపించింది. ఆ రోజునుంచి మా ఇంటి మనుషులతో ఆమె మాట్లాడలేదు.

పెద్దనాయుడు గుడి ముందర తీర్పు చెప్పాడు. "మగ్గాల వీధి వాళ్ళు ఇంగ మీద వాణం కట్టేది లేదు. అన్నీ పూరిండ్లు, అంతా నూలు. మీ మంచి కోసరమే చెప్తా వుండా." పెద్ద వీధి వాళ్ళు మాత్రం కట్టుకోవచ్చు, వాళ్ళ మిద్దెలకు భయం లేదు కదా. మామ సరేనన్నాడు. ఇంటికొచ్చి మగ్గం గుంటలోకి దిగి, అడ్డనూలు నడిపే నాడె ఆడించడం మొదలుపెట్టాడు. ఆ నెలల్లో ఆయన నవ్వడం నేను చూడలేదు. అన్నం ముందు కూర్చుంటే సగం కంచంలోనే ఉండేది. మా అమ్మ "వాడు వాణం కట్టకపోతే మనిషి కాడు, ఏం జేసేది?" అని పొయ్యి ముందు కళ్ళొత్తుకునేది. నాకు మామంటే ప్రాణం. ఆయన తల వంచుకుని నేస్తుంటే చూడలేకపోయేదాన్ని.

వానలు మొదలయ్యాక పంచాయితీ రేడియోలో ఒక వార్త వచ్చింది. రష్యావాళ్ళు ఒక గోళాన్ని ఆకాశంలోకి పంపించారట, అది భూమి చుట్టూ తిరుగుతోందట. ఊరంతా రేడియో చుట్టూ మూగింది. అది ఎంత పెద్దది, ఎంత ఎత్తున ఉంది, మన కండిగ మీదుగా పోతుందా, అని ఎవరికి తోచింది వాళ్ళు అడుగుతున్నారు, బడి అయ్యవారు తనకు తెలిసినంత చెబుతున్నాడు. జనం వెనకనుంచి మామ గొంతు వినిపించింది. "ఎక్కింది సరే అయ్యా. ఎట్ల దిగతాదంట?" అయ్యవారు కళ్ళద్దాలు తుడుచుకుని "ఆ సంగతి వాళ్ళు చెప్పలేదు చెంగల్రాయా" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇన్నేళ్ళుగా ఎక్కడం గురించి ఇంత అరిచిన మా ఊళ్ళో ఒక్కరూ ఇది ఎందుకు అడగలేదా అనిపించింది. ఆ రాత్రంతా అదే ఆలోచన. ఎక్కేదానికి పందెం ఉంది కాబట్టి అందరూ ఎక్కేలాగే కట్టారు. దిగేదానికి పందెం ఉంటే?

అంతకు కొన్నాళ్ళ ముందే, దండెం మీద ఆరేసిన నాయన పంచె గాలికి లేచిపోవడం చూశాను. ఇంటి కప్పు దాటి పైకి పోయి, మధ్యలో పొట్ట ఉబ్బి, ఊగుతూ ఊగుతూ ఎంతసేపటికో వీధిలో దిగింది. మామ దగ్గరికి పోయి "వాణంలో గుడ్డ పెట్టి పైన ఇడిస్తే?" అన్నాను. మామ నాడె ఆపాడు. పైన పేలి రంగు రంగుల నిప్పుపూలు రాల్చే వాణం కట్టడం ఆయనకు వచ్చు. "పూలు పెట్టే చోట గుడ్డ పెట్టేది. నడిమధ్యన అరటి దొప్ప అడ్డం పెడితే కాలదు. గొట్టం ఆరిపొయ్యి, నిదానంగా..." అని తనలో తాను అనుకుంటూ మొదటిసారి తలెత్తి ఇంటి కప్పు వైపు చూశాడు. వెంటనే మళ్ళీ దించేశాడు. "మనకు లేదు గదమే వాణం. పో, పొయ్యి కండెలు చుట్టు" అన్నాడు.

నేను నాడెలోకి నూలు కండెలు చుట్టే పనికి పోలేదు. తిరునాళ్ళ ఏర్పాట్లకు గుడి ముందర పెద్దలు కూర్చున్న రోజున పోయి నిలబడ్డాను. ఆడపిల్ల అక్కడికి పోవడమే వింత, పోయి నోరు తెరవడం ఇంకా వింత. కొత్త పందెం ఒకటి పెట్టాలన్నాను. ఎక్కింది ఎంతైనా కానీ, పైకి పోయాక నిప్పు ఆరి, ఎవరిది అందరికంటే నిదానంగా దిగుతుందో వాళ్ళది గెలుపు. అలాంటి పందెం పెడితే ఎవరి పందిరీ కాలదు, మగ్గాల వీధి కూడా కట్టొచ్చు. కొందరు నవ్వారు. పెద్దనాయుడు నవ్వలేదు. తుండుగుడ్డతో మెడ తుడుచుకున్నాడు.

"ఎక్కేదాన్ని కండ్లతో చూసి చెప్తాము. దిగేదాన్ని ఎట్ల కొలుస్తావు మే?"

నిత్యకు రాని జవాబు నాకు వచ్చిందంటే అది నా తెలివి కాదు, మా వీధి అలవాటు. "పాపమ్మవ్వ మగ్గంతో" అన్నాను. వాణం పైన పేలి గుడ్డ బయటపడగానే ఒక కేక వెయ్యాలి. అవ్వ ఆ వాణం రంగు కండె నాడెలో పెట్టి నేస్తుంది. నేల తాకగానే ఇంకో కేక, అవ్వ ఆపేస్తుంది. తరువాతి వాణానికి ఇంకో రంగు. ఎవరి చార వెడల్పుగా ఉంటే వాళ్ళది గెలుపు. చార గుడ్డలో ఉండిపోతుంది, అరిచి మార్చేది కాదు. "ముసిల్ది మీ వీధిదే గదా, మీదానికి బిరాబిరా నేస్తే?" అన్నాడొకాయన. పెద్దనాయుడే చెయ్యెత్తి ఆపాడు. "చెంగల్రాయుడి కోసరం పాపమ్మ బిరాబిరా నేస్తాదా? ఏం మాట్లాడతావురా నువ్వు?" అన్నాడు. అందరికీ కాలిపోయిన పడుగు గుర్తుకొచ్చింది. అంతకంటే నమ్మకమైన కొలత ఊళ్ళో ఇంకొకటి లేదని ఒప్పుకున్నారు. అవ్వను పెద్దనాయుడే అడిగి ఒప్పించాడు.

కానీ పెద్దనాయుడు ఊరికే వదిలే మనిషి కాదు. తిరునాళ్ళకు ముందు ఒకసారి తన కళ్ళ ముందర వదిలి చూపించమన్నాడు. ఇంక మా ఇంట్లో చూడాలి సందడి. వీధిలో ప్రతి ఇంటివాళ్ళూ సలహాకు వచ్చేశారు. అందరికంటే సన్నని నూలు తీసి, అందరికంటే మంచి చేత్తో నేసిన గుడ్డ ఎంచారు. అమ్మ దానికి చిక్కటి గంజి పెట్టి, తడి ఆరీ ఆరకముందే నాలుగు కొసలూ లాగి సరిచేసింది. నాయన దాన్ని తిరువళ్ళూరు వ్యాపారికి పంపే సరుకు మడత పెట్టినట్టే అంచుకు అంచు కలిపి మడిచి, తిరగలి రాయి కింద రెండు పూటలు ఉంచాడు. నాలుగు కొసలకూ దారాలు కట్టి, గొట్టానికి ముడేసి, లోపల పెడుతుంటే బిళ్ళలా కూర్చుంది. ఇంత చక్కని పని ఆకాశం చూసి ఉండదని మా వీధంతా మురిసిపోయింది.

వాణం లేచింది, పైన టప్‌మని పేలింది, గుడ్డ బయటికి వచ్చింది. వచ్చింది వచ్చినట్టే, మడత మడతగానే, గొట్టాన్ని లాక్కుని ఇటుకరాయిలా వచ్చి పెద్దనాయుడి కాళ్ళ దగ్గర దబ్బున పడింది. దారాలు నాలుగూ బిర్రుగా ఉన్నాయి, గుడ్డ మాత్రం ఒక్క మడత కూడా విప్పుకోలేదు. ఆయన వంగి తీసి, అంచులు చూసి, "ఏమిరా చెంగల్రాయా, ఆకాశంలో బేరానికి పెట్నావా?" అన్నాడు. పెద్ద వీధి మగవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. పెద్దనాయుడు గుడ్డను మామ చేతిలో పెట్టి, ఈసారి మెల్లగా చెప్పాడు. "తిరునాళ్ళ దినం ఒక్క వాణం ఇడువు. దిగి యాడన్నా నిప్పు అంటుకుందంటే, మీ వీధి కాదు, వూరికే వాణం లేకుండా చేసేస్తా. సెరేనా?"

ఇప్పుడు మామ ముచ్చట ఒక్కటే కాదు, రెండు వీధుల పండగ కూడా ఆ ఒక్క వాణం మీదే ఆధారపడింది. గుడ్డ ఎందుకు విప్పుకోలేదో ఎవరికీ తోచలేదు. గంజి ఇంకొంచెం చిక్కగా పెట్టాల్సిందేమో అని నాయన అన్నాడంటే చూసుకోండి! పుట్టినప్పటినుంచీ గంజిలో బతికిన మాకు గంజి లేని గుడ్డ ఒకటి ఉంటుందనే ఊహే రాలేదు. మరునాడు నేను బిందెతో పాపమ్మవ్వ ఇంటి ముందునుంచి పోతున్నాను. లోపల మగ్గం చప్పుడు ఆగలేదు. ఆ చప్పుడు మధ్యలోనే, నా వైపు చూడకుండా, గోడతో అన్నట్టు అంది. "చంటిబిడ్డ గుడ్డకు ఎవురన్నా గంజి పెడతారా?"

బిందె అక్కడే దించి ఇంటికి పరుగెత్తాను. అటక మీద పాత ఉయ్యాల చీర ఉంది. మా అన్న, నేను, నా తరువాత పుట్టిన పిల్లలు అందరం ఊగిన చీర. ఎన్నిసార్లు ఉతికారో, గుప్పిట్లో పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలియదు. అమ్మ కత్తెర పట్టుకుని కాసేపు వెనకాడింది. "ఇది లేకుంటే నీ బిడ్డల్ని ఎందులో వూపేది మే?" అంది. మళ్ళీ తనే కత్తిరించింది. మామ ఆ ముక్కను మడత పెట్టలేదు. పొయ్యిలో పుల్లలు దూర్చినట్టు చేత్తో వదులుగా కూరాడు.

తిరునాళ్ళ నాడు పాపమ్మవ్వ మగ్గానికి తెల్ల పడుగు ఎక్కించి ఉంది. ఆమె పక్కన పెద్ద వీధి నుంచి ఒక ముసలాయన కాపలా కూర్చున్నాడు. కిటికీ దగ్గర నిలబడి కేక వేసే పని నాది. మొదట పసుపు. దాని గుడ్డ బయటికి వస్తూనే కాలి మసైపోయింది. పసుపు చార నాలుగైదు దారాలకు మించి లేదు. తరువాత ఆకుపచ్చ. బాగా దిగింది, వేలి వెడల్పు వచ్చింది, పెద్ద వీధి వాళ్ళు ఈలలు వేశారు. నీలం వాణానికి దారాలు చిక్కుపడి, గుడ్డ గిరగిరా తిరుగుతూ పడింది. ఆఖరున ఎరుపు. మామ నిప్పు పెట్టి వెనక్కి వచ్చి నా కిటికీ బయటే నిలబడ్డాడు. అరచేతులు పంచెకు తుడుచుకుంటూనే ఉన్నాడు.

పైన చిన్న చప్పుడు. ఒక్క క్షణం ఏమీ కనిపించలేదు. ఆ తరువాత ఎండకు మెరుస్తూ, మా ఉయ్యాల చీర ముక్క పొట్ట ఉబ్బించుకుని ఆకాశంలో నిలబడింది. "ఇడిసింది!" అని అరిచాను. నా వెనక ఎర్ర నాడె ఆడడం మొదలైంది. గుడ్డ దిగుతున్నట్టే ఉంది, దిగడం లేదు. కింద వేడెక్కిన చేల మీదుగా గాలి లేచి దాన్ని పైకి ఎత్తుతోంది. జనం అరవడం మానేశారు. భారతం చెప్పే ఆయన కూడా గుడి మెట్లు దిగి వచ్చి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. గుడ్డ పొలాలు దాటింది, చెరుకు తోట దాటింది, పక్కూరు కొత్తూరు వైపు జరుగుతూ జరుగుతూ చుక్కంత అయింది. నేను కేక వెయ్యలేదు. పడలేదు కదా! మగ్గం చప్పుడు ఎప్పటి చప్పుడే, కొంచెం కూడా తొందర లేదు. ఉన్నట్టుండి ఆగింది. కాపలా ముసలాయన ఉలిక్కిపడ్డాడు. గుంటలోంచి పాపమ్మవ్వ తల బయటికి పెట్టి కిటికీలోంచి గొంతు చించుకుని అరిచింది.

"ఒరే చెంగల్రాయా! కండె అయిపాయ రా! ఇంగో ఎర్ర కండె చుట్టి తే, బిన్నా!"

ఏడాది తరువాత మామతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. ఊరంతా ఆకాశం వైపు చూస్తుంటే మామ ఒక్కడు ఆకాశం వదిలేసి, ఏడుస్తూ, రాట్నం కోసం ఇంటికి పరుగెత్తాడు. కండె చుట్టి తెచ్చేసరికి కొత్తూరు వైపు ఏమీ కనిపించలేదు. అయినా అవ్వ ఆ కండె అందుకుని, నేను పడిందని చెప్పలేదు కాబట్టి, చూపు ఆననంత మసక పడేదాకా నేస్తూనే ఉంది.

ఆ సాయంత్రం సంబరం లేదు. అందరి కళ్ళూ కొత్తూరు దిక్కునే. అక్కడ అన్నీ గడ్డివాములు, పూరిళ్ళు. పొగ లేచిందంటే అంతే. పెద్దనాయుడు తన మిద్దె మీదికి ఎక్కి నిలబడ్డాడు. మామ మా ఇంటి అరుగు మీద కూర్చుని, ఒక్క మెతుకు ముట్టలేదు. పొగ లేవలేదు. పొద్దున పాల వేళకు కొత్తూరు నుంచి ఒకామె చంకలో బిడ్డతో, చేతిలో వాణం గొట్టం, బద్దతో వచ్చింది. గడ్డివామి మీద పడి ఉందట. పెద్దనాయుడు గొట్టం లోపల వేలు పెట్టి చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. "గడ్డి కమిలిందా?" అని అడిగాడు. "ఒక పోచ కూడా కమల్లేదయ్యా" అందామె. మరి గుడ్డ ఏదని అడిగితే బిడ్డను ఇటు తిప్పింది. బిడ్డ ఒంటి చుట్టూ మా ఉయ్యాల చీర. "ఇది మాత్రం ఇయ్యను. ఇంత మెత్తని గుడ్డను మీరు ఇడిసిపెట్నారు, ఆకాశం నాకిచ్చింది" అంది. మా అమ్మ నవ్వేసి బిడ్డ బుగ్గ పుణికింది.

గెలుపు మీద మాత్రం పెద్ద రగడే అయింది. పడిన చోటు ఎవరూ చూడలేదు కాబట్టి ఎర్రచార చెల్లదని పెద్ద వీధి, చెల్లుతుందని మా వీధి. గెలిచినవాళ్ళకిచ్చే ఇత్తడి చెంబును పెద్దనాయుడు ఆకుపచ్చకే ఇచ్చాడు. ఇచ్చి, "వచ్చే తిరునాళ్ళకు ఎక్కే పందెం ఒకటి, దిగే పందెం ఒకటి. రెండు వీధులూ కట్టాల" అన్నాడు. మామకు చెంబు పోయినందుకు చింత లేదు. ఆ మధ్యాహ్నం పాపమ్మవ్వ ఇంట్లో కూర్చుని అన్నం తిన్నాడు, మారు వడ్డించుకున్నాడు. ఆ తరువాత ఆయన బతికినన్నాళ్ళూ మా ఊళ్ళో దిగే పందెం జరిగింది. ఒక్క పందిరైనా కాలిందని నేను వినలేదు. ఆ నాలుగు చారల గుడ్డను అవ్వ మగ్గం మీంచి కోసి నా చేతికిచ్చింది. పెళ్ళయి ఊరు విడిచిన నాడు అదే నా పెట్టెలో పెట్టుకున్నాను.

ఇప్పుడు మా వీధిలో చేతిమగ్గాలు లేవు. పూరిళ్ళూ లేవు, అన్నీ మిద్దెలే. మరమగ్గాలు నాలుగిళ్ళలో ఆడుతున్నాయి కానీ వాటి చప్పుడుతో అన్నం వార్చుకోలేం, అది మనిషి చెయ్యి కాదు. గంజి వాసన లేదు. గడియారాలు గోడలకూ చేతులకూ ఫోన్లకూ ఉన్నాయి, అయినా అప్పటికంటే తొందర ఎక్కువే. అప్పుడంతా బాగుండేదని నేను అనను. గడ్డి కప్పు కింద నిప్పు భయంతో పడుకున్నవాళ్ళం మేము. ఆ భయం లేకపోతే దిగే పందెమే పుట్టేది కాదేమో, తెలియదు.

పోయిన వారం ఆ గుడ్డ తీసుకుని ఆవడి రైలెక్కాను. నిత్య తెలుగు మాట్లాడుతుంది కానీ చదవలేదు, అరవమే చదువుతుంది. నేను రాస్తున్న ఈ పేజీలు ఆమెకు నోటితో చెప్పాల్సిందే. చెప్పాను. గుడ్డను బల్ల మీద పరిచి చాలాసేపు చూసింది. "ఎర్రది సెకన్లలో ఎంత అవ్వా?" అంది. తెలియదన్నాను. "నా పందెంలో అయితే మీ మామ ఓడిపోయుంటాడు, వదిలిన చోటికి రాలేదు గదా" అంది, మొహంలో నవ్వు మొదలవుతూ. ఓడిపోయేవాడే అన్నాను. "ఇది ఫోటో తీసుకుంటా. ఎట్ల కొలుస్తావని మళ్ళీ అడగనీ. మా దగ్గర ఏముందో వెతుక్కుంటా" అంది.

ఆ తరువాత చూపుడువేలు పసుపు చార మీద పెట్టి, "ఆ అవ్వ చెయ్యి ఎట్ల ఆడేదో చూపించు" అంది. నేను బల్ల మీద తట్టడం మొదలుపెట్టాను. చిన్నప్పటి నుంచి ఒంట్లో ఉన్న తాళం, తప్పలేదు. నిత్య వేలు తాళానికి సరిగ్గా, ఒక్కొక్క దారమే దాటుతూ కదిలింది. పసుపు అయిపోయింది. ఆకుపచ్చ కొంచెంసేపు. నీలం. ఎరుపు మీదికి వచ్చింది. తట్టు తట్టుకూ వేలు జరుగుతోంది, ఎరుపు అయిపోవడం లేదు. మామ అరచేతులు, కిటికీ, కొత్తూరు వైపు చుక్క, అన్నీ నా కళ్ళ ముందుకు వచ్చి చూపు మసకబారింది. నిత్య తలెత్తకుండా, గొంతు తగ్గించి అడిగింది.

"ఇంగా దిగలేదా అవ్వా?"

"దిగలేదు మే" అన్నాను, చెయ్యి ఆపకుండా.